స్త్రీజనోద్ధరణము – దానధర్మములు

స్త్రీజనోద్ధరణమునకు సత్సంకల్పము మాత్రమే చాలదు, విత్తమును వలయును. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు ప్రథమ వితంతు వివాహమును జరిపింపగా బంధుమిత్రులు వెలివేసిరి. వంటవారును, నీళ్లు మోయువారును రాక మానిరి. ఆ కష్టకాలమున కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు వేలకొలది రూపాయ లొసంగి ఆదుకొనిరి. పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరి నీరు మోసి, వండి వడ్డించిరి. లెక్కకు రాకున్నను ఆ శ్రమయు దానమే.

అయినను ఒక్కరి దానము వారి యాయుర్దాయముతో ముగియవచ్చును. కావుననే పంతులుగారు 20వ శతాబ్ది తొలి దశకమున హితకారిణీ సమాజమును నెలకొల్పి, తమ యావదాస్తిని దానికి ధారపోసిరి. 1919లో వారు గతించిరి, సమాజము నిలిచినది. ధర్మము చేయువారందరికిని ఇది స్మరణీయము.