పల్నాట భూపరీక్ష

కృష్ణకు దక్షిణమున, నల్లమల కొండల అంచున వ్యాపించియున్న పల్నాటి సీమలో భూమి కొనదలచినవాడు పైకి కనబడు మట్టిని మాత్రమే చూచి బయానా ఇచ్చినచో మోసపోవుట తథ్యము; ఏలయన గురజాల, మాచర్ల ప్రాంతముల నేల భిన్నస్వభావములు గల రెండు పొరల కూర్పు. అడుగున, కోట్ల యేండ్ల క్రిందట సముద్రగర్భమున పేరుకొని గట్టిపడిన సున్నపురాయి గలదు. మన యిండ్లలో పరచుకొను నాపరాళ్లు దాని పలకలే. ఆపైన ఒకచోట జానెడు, మరియొకచోట నిలువెత్తు నల్లరేగడి, నడుమనడుమ ఎఱ్ఱనేల, చవుడు. ఒక్క సర్వే నంబరులోనే ఒకమూల గునపము రాతికి తగిలి ఖంగుమనగా, వేరొకమూల పిడివఱకు దిగబడుట కలదు.

కొనుటకు ముందు నేలను శోధించు ఆచారము మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పిన విధానమిది: మూరెడు లోతు గుంట త్రవ్వి, ఆ మన్నుతోనే దానిని పూడ్చవలెను, మన్ను మిగిలిన నేల ఉత్తమము, సరిపోయినది మధ్యమము, చాలనిది అధమము. లేదా ఆ గుంటను నీటితో నింపి, నూఱడుగులు నడచి తిరిగివచ్చి చూడవలెను. నీరు తగ్గకున్నచో ప్రశస్తము. అంతతో ప్రాచీనులు ఊరుకొనలేదు. భూగర్భమున దాగిన ఎముకలు, బొగ్గులు, బూడిద, ఊక మున్నగువానిని శల్యములని పేర్కొని, వానిని పెకలించి పారవేయనిదే గృహారంభము తగదనిరి. దీనిని కేవలము విశ్వాసముగా త్రోసిపుచ్చువారితో నేను ఏకీభవింపజాలను. బొగ్గును ఎముకయు దొరకిన చోటు ఒకప్పుడు కాటియో, పెంటదిబ్బయో, పూడ్చిన గోతియో అయియుండును. అట్టి వదులునేల గోడల బరువునకు క్రుంగును, అచ్చటి ఊటనీరు కలుషితమగును. అమెరికాలో 1980 నాటి శాసనము, పాతిపెట్టిన విషవ్యర్థములను శుభ్రపఱచు వ్యయమును ప్రస్తుత యజమానిపై సైతము మోపిన పిమ్మట, ఆ దేశమున స్థలము కొనువారు దాని పూర్వచరిత్రను నిపుణులచే విచారింపజేసికొనుట పరిపాటియైనది. మన శల్యశోధనము చేసిన పనియు ఇంచుమించుగా ఇదియే.

అయినను శాస్త్రమును పల్నాటికి యథాతథముగా అన్వయింపరాదు. వేసవిలో రేగడిని త్రవ్వినచో పెళ్లలు పెళ్లలుగా లేచి, తిరిగి పూడ్చునపుడు తప్పక మిగులును. శాస్త్రప్రకారము అది ఉత్తమభూమి కావలెను. నీటిపరీక్ష చేసినచో, నేల పగుళ్లు విచ్చిన మే నెలలో నీరు కన్ను మూసి తెఱచునంతలో ఇంకిపోవును. వానలలో నానిన శ్రావణమాసమున అదే గుంటలో బొట్టయినను తగ్గదు. ఇట్లు ఒకే నేల ఋతువునుబట్టి అధమమును ఉత్తమమును అగుచున్నది. వానకు ఉబ్బుచు ఎండకు కుంచించుకొనుచు, పైనున్న గోడలను బీటలు వాఱజేయుటయే రేగడి స్వభావము. కావున ఇచ్చటి తాపీపనివారు పునాదిని రేగడిలో నిలుపక, రాయి తగులువఱకు త్రవ్వుడని చెప్పుట అనుభవసారము. రాయి మిక్కిలి లోతున నున్నచోట, అడుగున ఉబ్బెత్తుగా నుండు కాంక్రీటు స్తంభములను దింపు పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు రూపొందించిరి. సున్నపురాయి సైతము సర్వత్ర నమ్మదగినది కాదు. నీరు దానిని కరగించి లోపల గుహలను తొలుచును. కారెంపూడి ప్రాంతమునగల గుత్తికొండ బిలమును చూచినవారికి ఈ విషయము వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక నీటి మాట. బావినీట పప్పుడుకునా యనునది పెద్దలు వేయు ప్రశ్న. సున్నము పాలెక్కువైన నీట పప్పు మెత్తబడదు గనుక, రసాయనశాల లేని కాలమున పొయ్యిమీది కుండయే ఆ పరీక్ష చేసెను. కాని కుండకు తెలియని దోషమొకటి కలదు. 1937లో వైద్యశాస్త్రజ్ఞులు, అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతముల జనుల పండ్ల గారకును, బిగిసిపోయిన వెన్నెముకలకును బావినీటిలోని ఫ్లోరైడే కారణమని ప్రకటించిరి. ఆ ప్రాంతము పల్నాడు జిల్లాలోని వినుకొండకు దూరము కాదు. ఫ్లోరైడునకు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించినచో హానికరమని తెలుపునది రసాయనపరీక్ష యొక్కటే.

ఇన్ని పరీక్షలు తెలిసిన సీమలో అవి వెనుకబడుటకు ఒక కారణము కాగితము. పందొమ్మిదవ శతాబ్దిలో మదరాసు ప్రభుత్వపు సెటిల్మెంటు ఉద్యోగులు నేలలను రేగడి, ఎఱ్ఱ, ఇసుక యని జాతులుగా విడదీసి, బంకపాలు ఇసుకపాలు గమనించి పొలమునకొక తరము నిర్ణయించిరి. అది శిస్తు కొఱకు చేసిన పనియే యైనను, మట్టిని చేతబట్టి చూచి చేసినది. పిమ్మట 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము దస్తావేజునకు ప్రాధాన్యమిచ్చెను. నేడు కొనుగోలుదారు ఈసీ తీయించును, అడంగలు చూచును, హద్దులు కొలిపించును. హక్కు నిర్దుష్టమా యని పదిసార్లు విచారించువాడు నేల నిర్దుష్టమా యని ఒక్కసారియైనను విచారింపకుండుట నాకు మిక్కిలి విచారకరముగా తోచుచున్నది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టపు 55వ విభాగము, సామాన్య జాగ్రత్తతో కొనువాడు కనుగొనజాలని ముఖ్యమైన లోపమును, అది తనకు తెలిసియున్నయెడల, అమ్మువాడు చెప్పితీరవలెనని శాసించుచున్నది. జాగ్రత్తగా చూచినచో తెలియు లోపమునకు కొనువానిదే పూచీ.

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1967లో కుడికాలువకు నీరు వదలబడెను. అటుపై కాలువ క్రింద ఎగువనున్నదా, చిట్టచివరనున్నదా యనునదే ధరను నిర్ణయించు ప్రశ్నయైనది. కాని కాలువనీరు ఊటగా చేరి, మురుగు పోవు దారి లేని పల్లపు రేగడి క్రమముగా చవుడుదేఱును. ఎండకాలమున మడిమీద తెల్లని పూత కనబడును గనుక వేసవిలో చూడక కొనరాదు. పిడుగురాళ్ల వైపు సున్నపు బట్టీలును రాతిక్వారీలును విస్తరించినవి. క్వారీగుంతను రాతిపొట్టుతో, పెంటతో పూడ్చి, పైన ఎఱ్ఱమట్టి చల్లినచో, ఇండ్లస్థలములుగా చదునుచేసిన ఆ నేలను దస్తావేజు చూచి గుర్తింపజాలము. అట్టిచోట ప్రాచీనుల మూరెడు గుంటయు చాలదు. జేసీబీతో నిలువెత్తు లోతున రెండుమూడు చోట్ల త్రవ్వించి పొరలు చూడవలెను, ప్రక్క పొలముల రైతులను ఆ గుంత సంగతి అడుగవలెను, బోరునీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపవలెను. ఆ ఫలితము చేతికి వచ్చినపిమ్మటనే బయానా.