నానీమా సందూక్‌లో పాముతోలు బటువా

నానీమా ఇంతెఖాల్ తర్వాత ఆమె సందూక్ సర్దుతుంటే ఒక బటువా దొరికింది. 1960ల్లో మద్రాసులో కొన్నదట. పొలుసులు ఇంకా మెరుస్తున్నాయి. మా చిన్న బేటీ ముట్టుకుని, "అబ్బా, ఒక్క బటువా కోసం పామును చంపారా?" అంది. ఆ సవాల్‌కు జవాబు ఈ తారీఖ్‌లో ఉంది.

చమ్డా తిజారత్ మనకు కొత్త కాదు. మద్రాసు పెరియమేట, ఆంబూరు, వాణియంబాడిలలో ఎన్నో ముస్లిం ఖాన్‌దాన్‌లు దానిమీదే బతికాయి. అది ఎక్కువగా మేకలు, గొర్రెలు, ఆవులు, గేదెల తోలు. మాంసం కోసం జబహ్ చేసిన జానవర్ తోలు వృథా కాకుండా వాడుకోవడం వేరు. తోలు కోసమే జంగల్‌లోని జాన్ తీయడం వేరు. దరిందాల తోళ్ళ వాడకాన్ని మన నబీ (స) మనా చేశారని హదీసుల్లో ఉంది.

కానీ ఆ రోజుల్లో కొండచిలువ, నాగుపాము, జెర్రిపోతు, ఉడుము, మొసలి అన్నిటి తోళ్ళూ బజారుకెక్కాయి. విదేశీ షౌకీన్ల హ్యాండ్‌బ్యాగులకు, బూట్లకు మన జంగల్ ఖాళీ అయింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ కానూన్ వచ్చింది. 1976లో పాముతోళ్ళ ఎగుమతి బంద్ అయింది. 1986 సవరణతో దేశంలోపలి తిజారత్ మీద కూడా పకడ్బందీ రోక్ పడింది.

ఇక్కడే అసలు ముష్కిల్. పాములు పట్టి తోళ్ళమ్మే ఇరుల గిరిజనుల రోజీ పోయింది. వాళ్ళు గరీబులు. లాభం తిన్నది పైనున్న దళారులు, పస్తులు మాత్రం వీళ్ళకి. జానవర్ మీద జుల్మ్ ఆపి ఇన్సాన్ మీద జుల్మ్ చేస్తే అది ఇన్సాఫ్ అవుతుందా?

1978లో రాములస్ విటేకర్ తోడుగా ఇరులలు ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరలను పట్టి, విషం తీసి, కొన్ని వారాలకు మళ్ళీ జంగల్‌లో వదులుతారు. పాముకాటుకు దవా తయారయ్యేది ఆ జహర్‌తోనే. మన పల్లెల్లో పొలం పనికెళ్ళి కాటు తిన్నవాళ్ళ ప్రాణం నిలబెట్టేదీ ఆ దవాయే. హునర్ అదే, చేతులు అవే. చంపే పని పోయి బతికించే పని వచ్చింది. 2023లో ఇరుల పాములవాళ్ళు వడివేల్ గోపాల్, మాసి సదయ్యన్‌లకు పద్మశ్రీ దక్కింది.

హరామ్ దారి మూస్తే చాలదు, పక్కన హలాల్ దారి తెరవాలి. నాకు దొరికిన సబక్ ఇదే.

బేటీకి ఇదంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, "నానీమాకి అప్పుడు తెలియదేమో అబ్బా" అంది. అల్లాహ్ ఆమెను మాఫ్ చేయుగాక. మనకు మాత్రం ఇప్పుడు తెలుసు.