ఇంటి నుంచి చెరువు మకాంకు ఇంటర్నెట్: 100 మీటర్లు దాటితే ఫైబర్ కేబులే మేలు

రొయ్యల చెరువులో రాత్రిపూట ఏరియేటర్లు ఆగిపోతే రైతుకు ఎక్కువ సమయం ఉండదు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ ఎలాగూ బాగా తగ్గి ఉంటుంది. అప్పుడు గంట, రెండు గంటలు ఆలస్యమైతే పంట మొత్తం పోవచ్చు. అందుకే మకాంలో కెమెరా పెట్టుకుని ఇంటి నుంచే చూసుకోవాలని రైతులు అనుకుంటారు. చిక్కల్లా ఇంట్లో ఉన్న నెట్ మకాం దాకా రాకపోవడమే. వైఫై అంత దూరం అందదు. సెల్ సిగ్నల్ నిలకడగా ఉన్న చోట సిమ్ రూటరుతో సరిపెట్టుకోవచ్చు. అది లేనప్పుడు, మధ్యలో ఉన్నదంతా మీ సొంత భూమే అయితే, ఫైబర్ వేసుకోవడం మంచిది. కోళ్ల షెడ్డుకైనా పశువుల కొట్టానికైనా ఇదే పద్ధతి.

రాగి కేబుల్ ఎందుకు వద్దు?

మామూలు నెట్ కేబుల్ (క్యాట్ 6) 100 మీటర్ల వరకే. షాపులో 305 మీటర్ల చుట్ట అమ్ముతారు కాబట్టి అంత పొడవూ ఒకేసారి లాగవచ్చనుకోవడం పొరపాటు. దూరం కన్నా పెద్ద సమస్య పిడుగు. చెరువు దగ్గర పడిన పిడుగు ప్రభావం రాగి తీగ వెంట ఇంట్లోకి వచ్చి రూటరును, టీవీని కాల్చేయగలదు. ఫైబర్‌లో ఉన్నది గాజు పోగు. అందులో వెలుగే తప్ప కరెంటు పారదు. అయితే కొన్ని ఫైబర్ కేబుళ్లలో బలానికి ఇనుప తీగ పెడతారు. కొనేటప్పుడు లోపల ఇనుము ఉందా అని అడిగి, లేనిదే తీసుకోవాలి.

ఏం కొనాలి?

సింగిల్ మోడ్, 4 కోర్, ఆరుబయట వాడే నల్ల తొడుగు కేబుల్ తీసుకోండి. వాడేది ఒకటో రెండో పోగులే. కేబుల్ తెగితే నాలుగూ పోతాయి, నిజమే. కానీ తరచూ పాడయ్యేది చివర కనెక్టరు దగ్గర ఒక పోగు. అప్పుడు పక్క పోగుకు మార్చుకోవచ్చు.

రెండు చివరలా మీడియా కన్వర్టర్ అనే చిన్న పెట్టె ఉండాలి. ఒకే పోగు మీద నడిచే కన్వర్టర్లను జతగానే కొనాలి. ఒకటి 1310 నానోమీటర్ల వెలుగు పంపి 1550 అందుకుంటుంది, రెండోది అందుకు తిరగేసి. వాటి మీద ఎ, బి అని రాసి ఉంటుంది. రెండూ ఎ రకమే తెస్తే పనిచేయవు. అలాగే నీలం కనెక్టరును నీలానికే, ఆకుపచ్చను ఆకుపచ్చకే కలపాలి.

ఇంట్లోకి నెట్ కంపెనీ తెచ్చిన ఫైబర్‌ను ముట్టుకోవద్దు. కంపెనీ ఇచ్చిన పెట్టె వెనక ఉన్న ల్యాన్ పోర్టు నుంచే మీ లైను మొదలవుతుంది.

కాలువ తీయడం

కష్టమంతా ఇక్కడే. రెండున్నర నుంచి మూడడుగుల లోతున కాలువ తీసి, అంగుళం హెచ్‌డీపీఈ పైపులో కేబుల్ వేయాలి. రోటవేటరు, నాగలి అంత లోతుకు రావు. పైపు వేసేటప్పుడే లోపల నైలాన్ తాడు ఒకటి వదిలితే తర్వాత కేబుల్ లాగడం సులువు. లాగేటప్పుడు బలం గాజు పోగుల మీద పడకూడదు. తాడును కేబుల్ లోపలి బలపు నారకు కట్టాలి. మూలల్లో పైపును గుండ్రంగా తిప్పాలి, మడత పడనివ్వకూడదు. చెరువు గట్ల మీద ఎలుకలు, ఎండ్రకాయలు బొరియలు చేస్తాయి కాబట్టి గట్టు అంచున కాకుండా లోపలికి జరిపి వేయండి. పైపు చివరలు మూసేయాలి. ఎంత మూసినా లోపలికి నీరు చేరుతుంది, అందుకే తడికి తట్టుకునే కేబులే ఉండాలి. మోటారు కరెంటు వైరును ఇదే పైపులో వేయకూడదు.

ఖర్చు తగ్గుతుందని కేబుల్‌ను కరెంటు స్తంభాలకు కట్టవద్దు. అది ప్రాణాలకే ముప్పు.

రెండు చివరలా అయిదేసి మీటర్ల కేబుల్ అదనంగా చుట్టి ఉంచాలి. ఊళ్లో కేబుల్ పనిచేసే వారి దగ్గర అతుకు మిషన్ ఉంటుంది, కనెక్టర్లు దానితోనే వేయించండి. గాజులో కిలోమీటరుకు తగ్గే వెలుగు 0.35 డెసిబెల్ దాకా ఉంటుంది. చేత్తో బిగించిన చెడ్డ కనెక్టరు ఒక్కటే అంతకన్నా ఎక్కువ తినేస్తుంది. కోసిన గాజు ముక్కలను సీసాలో వేసి పారేయాలి. గడ్డిలో, దాణాలో పడితే పశువు కడుపులోకి పోతాయి. పోగు చివరలోకి కళ్లు పెట్టి చూడకూడదు. ఆ వెలుగు కంటికి కనిపించదు.

కరెంటు పోయినప్పుడు

కరెంటు పోతే ఏరియేటర్లతో పాటు మకాంలోని కన్వర్టరు, కెమెరా కూడా ఆగిపోతాయి. సరిగ్గా కావలసిన సమయానికి ఫోన్లో బొమ్మ రాదు. అందుకని మకాంలో ఉన్న పరికరాలకూ, ఇంట్లో ఉన్న రూటరుకూ బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరి. కరెంటు పోగానే ఫోన్ చేసే సిమ్ అలారం విడిగా ఉండాలి. కెమెరా ఉంది కదా అని కాపలా మనిషిని మాన్పించడం మాత్రం తొందరపాటే.

కాలువ పూడ్చే ముందు టేపుతో కొలిచి, ఏ చెట్టు నుంచి, ఏ గట్టు నుంచి ఎన్ని అడుగుల దూరంలో పైపు పోయిందో కాగితం మీద గీసి, ఫోటోలు తీసి ఉంచండి. పొలంలోకి జేసీబీ వచ్చిన రోజు డ్రైవరుకు ముందుగా చూపించాల్సింది ఆ కాగితమే.