బంగారు తోరణం కింద

ఇడుపులపాయ పేరులోనే ఒక పాయ ఉంది. ఏరు చీలి నడిచిన జాడ. ఇప్పుడా పేరు వింటే 2009లో అక్కడి మట్టిలో కలిసిన వై.ఎస్. సమాధి గుర్తొస్తుంది, ట్రిపుల్ ఐటీ గుర్తొస్తుంది. నీళ్లు గుర్తుకు రావు.

దగ్గర్లోనే గండి. నంది కొండల్లో పుట్టి, కన్నడ సీమ దాటి వచ్చిన పాపాఘ్ని ఇక్కడ కొండను నిలువునా కోసుకుని పారింది. ఎన్ని యుగాలు పారితే ఈ రాయి దారిచ్చిందో! ఆ గోడల మధ్య నిలబడితే, పోయిన మనిషి ఇంట్లో అడుగుపెట్టినట్టు గొంతు దానంతటదే తగ్గిపోతుంది.

లంక నుంచి తిరిగొచ్చే రాముడికోసం వాయుదేవుడు ఈ రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడట. అది పుణ్యాత్ములకే కనబడుతుంది, అదీ పోయే ముందు. థామస్ మన్రోకు కనబడిందని ఈ సీమలో చెప్పుకుంటారు. 1800లో దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చినవాడు, గవర్నరయ్యాక ఈ నేలను మళ్లీ చూడవచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు.

ఏటికి చావు దగ్గరైనప్పుడు మాత్రం తోరణం పైన కాదు, మన కాళ్ల కిందే మెరిసింది. ఇసుక అది. ఇసుకే ఏటికి గాదె. నాలుగు రోజులు పారిన నీటిని నాలుగు నెలలు దాచిపెట్టేది. నడివేసవిలో చెలమ తీసినా నీరు ఊరేది. ఆ ఊటనే ఊటకాలువలుగా మళ్లించి పెద్దలు మళ్లు తడుపుకున్నారు. తర్వాత మోటార్లొచ్చాయి, బోర్లొచ్చాయి. నీరు అడుక్కి, ఇంకా అడుక్కి దిగింది. ఎగువన కట్టలు లేచాయి. ఊటకాలువ ఎండిన మొదటి ఏడే మనం ఆగి ఉండాల్సింది. పక్క పొలంలో రెండో బోరు దిగినప్పుడు ఆగి ఉండాల్సింది. ఇసుకకోసం తొలి ట్రాక్టరు ఏట్లోకి దిగిన పొద్దున, కనీసం ఆ పొద్దున... అయితే అందరికీ ఇల్లు కట్టుకోవాలనే ఉండె. నాకూ ఉండె.

ఒక్కసారి లేచింది తల్లి. 2021 నవంబరు వానలకు పొంగి, పెన్నలో కలవబోయే ముందు కమలాపురం దగ్గర వంతెనను కూల్చేసి పోయింది. జనం భయపడ్డారు, నాకైతే, సిగ్గు విడిచి చెబుతున్నా, ఆ హోరు వింటే ఏడుపొచ్చింది. వారాలు తిరగకుండానే మళ్లీ పడుకుంది.

శ్రావణ శనివారం గండి ఆంజనేయుణ్ణి చూసి బయటికొచ్చాను. పక్కనెవరో పిల్లవాడు తలెత్తి కొండల నడుమ తోరణం వెతుకుతుంటే, తల్లి గబుక్కున వాడి కళ్లు మూసింది. నేను ఏట్లోకి దిగి, వంగి, ఇసుకలో చేయి పెట్టాను. మోచేతి దాకా పొడి.