డ్రైవింగ్ లైసెన్సుకు వలస హోదా నిబంధన: అమెరికాలో ప్రభావాల అధ్యయనం

డ్రైవింగ్ లైసెన్సు కోరే వ్యక్తి తాను ఆ దేశంలో చట్టబద్ధంగా ఉంటున్నట్టు పత్రాలతో రుజువు చేయాలన్న నియమమే వలస హోదా నిబంధన. అమెరికాలో లైసెన్సులు ఇచ్చేది రాష్ట్రాలే కాబట్టి ఈ నియమం కొన్ని రాష్ట్రాల్లో ఉంది, కొన్నిట్లో లేదు. కాలిఫోర్నియాలో రెండు దశాబ్దాలు ఉండి, తర్వాత తొలగిపోయింది. ఈ తేడాల వల్లనే పరిశోధకులకు పోల్చి చూసే వీలు దొరికింది. నిబంధన ఎత్తివేస్తే ప్రమాదాలు పెరుగుతాయా, బీమా లేని బండ్ల భారం ఎవరి మీద పడుతుంది, లైసెన్సు చేతికొచ్చాక డ్రైవరు నడవడిలో మార్పు వస్తుందా అన్న ప్రశ్నలకు 2010 తర్వాత లెక్కలతో కూడిన జవాబులు రావడం మొదలైంది.

నిబంధన పుట్టుక

లైసెన్సు కార్యాలయాలు చాలాకాలం వయసు, కంటిచూపు, రోడ్డు నియమాల పరిజ్ఞానం, బండి నడిపే నేర్పు మాత్రమే చూసేవి. 1990ల మొదట్లో కాలిఫోర్నియాలో వలసల మీద వ్యతిరేకత బాగా పెరిగింది. గవర్నర్ పీట్ విల్సన్ హయాంలో, 1993లో చేసిన చట్టంతో, చట్టబద్ధ నివాసానికి రుజువు చూపించడం 1994 నుంచి తప్పనిసరి అయింది. అదే 1993లో వాషింగ్టన్ రాష్ట్రం సరిగ్గా ఎదురు దారి పట్టి, పత్రాలు లేనివారికీ లైసెన్సు ఇచ్చే వీలు కల్పించింది.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత చర్చ స్వరూపమే మారిపోయింది. దాడి చేసిన 19 మందిలో చాలామంది దగ్గర రాష్ట్రాలు జారీ చేసిన గుర్తింపు కార్డులు ఉన్నాయని తేలడంతో లైసెన్సును దేశభద్రత పత్రంగా చూడటం మొదలైంది. 2005 నాటి రియల్ ఐడీ చట్టం ఆ ఆలోచనకు రూపం. విమానం ఎక్కడానికి, కేంద్ర ప్రభుత్వ భవనాల్లోకి వెళ్లడానికి చెల్లే కార్డు కావాలంటే రాష్ట్రం దరఖాస్తుదారు హోదాను తనిఖీ చేయాలని అది నిర్దేశించింది. అయితే ఆ అవసరాలకు చెల్లదని స్పష్టంగా ముద్రించి, వేరే రకం లైసెన్సు ఇచ్చుకునే స్వేచ్ఛను రాష్ట్రాలకు వదిలేసింది. విమానాశ్రయాల్లో ఈ చట్టం అమలు పలుమార్లు వాయిదా పడి, చివరికి 2025 మే 7న మొదలైంది. పత్రాలు లేనివారికి లైసెన్సులిచ్చే రాష్ట్రాలు చట్టాన్ని ఉల్లంఘిస్తున్నాయని తరచూ వినిపించే మాట సరికాదు. అవి చేస్తున్నది చట్టం ఇచ్చిన వెసులుబాటు ప్రకారమే.

కాలిఫోర్నియాలో నిబంధనను ఎత్తివేయడం అంత తేలిగ్గా జరగలేదు. శాసనసభ్యుడు గిల్ సెడియో ఏళ్ల తరబడి బిల్లు మీద బిల్లు పెట్టారు. 2003 సెప్టెంబరులో గవర్నర్ గ్రే డేవిస్ ఒక బిల్లుపై సంతకం చేశారు. మరుసటి నెలలోనే ఓటర్లు ఆయన్ని పదవి నుంచి దించారు. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ గవర్నరయ్యాక, ఆ చట్టం అమలులోకి రాకముందే రద్దయింది. పదేళ్ల తర్వాత, 2013 అక్టోబరులో, జెర్రీ బ్రౌన్ సంతకంతో ఏబీ 60 చట్టం వచ్చింది. 2015 జనవరి నుంచి పత్రాలు లేనివారు కూడా గుర్తింపు, కాలిఫోర్నియా చిరునామా రుజువు చేసుకుని, రాతపరీక్ష, డ్రైవింగ్ పరీక్ష పాసైతే లైసెన్సు పొందవచ్చు. మొదటి ఏడాదిలోనే 6 లక్షలకు పైగా లైసెన్సులు జారీ అయ్యాయి.

కాలిఫోర్నియా అధ్యయనం

ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువగా ప్రస్తావించే పరిశోధన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. హాన్స్ లూడర్స్, యెన్స్ హైన్‌ముల్లర్, డంకన్ లారెన్స్ కలిసి రాసిన ఈ పత్రం 2017లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో అచ్చయింది. ఏబీ 60కి ముందు, తర్వాత రాష్ట్రం మొత్తం ప్రమాదాల సంఖ్యను పోల్చి ఊరుకుంటే వచ్చే జవాబు నమ్మదగినది కాదు. పెట్రోలు ధర తగ్గినా, ఉద్యోగాలు పెరిగినా జనం ఎక్కువ తిరుగుతారు, ప్రమాదాలూ పెరుగుతాయి. అందుకని వారు కౌంటీలను ఒకదానితో ఒకటి పోల్చారు. కొన్ని కౌంటీల్లో మొత్తం లైసెన్సుల్లో ఏబీ 60 లైసెన్సుల వాటా ఎక్కువ, కొన్నిట్లో తక్కువ. చట్టం ప్రభావం నిజంగా ఉంటే వాటా ఎక్కువున్న కౌంటీల్లో మార్పు ఎక్కువగా కనబడాలి. 2006 నుంచి 2015 వరకు నెలనెలా నమోదైన ప్రమాదాల వివరాలతో ఈ పరీక్ష సాగింది.

ఫలితం రెండు వైపుల వాదనల్నీ కొంత సరిచేసింది. మొత్తం ప్రమాదాలు గానీ, మరణాలు గానీ పెరగలేదు. అనుభవం లేని డ్రైవర్లు రోడ్ల మీదికి వచ్చిపడతారన్న భయానికి ఆధారం దొరకలేదు. చట్టాన్ని సమర్థించినవారు ఆశించినట్టు మొత్తం ప్రమాదాలు తగ్గనూ లేదు. తగ్గినవి హిట్ అండ్ రన్ కేసులు, అంటే ఢీకొట్టి ఆగకుండా పారిపోయిన ఘటనలు. ఇవి 7 నుంచి 10 శాతం తగ్గాయని, 2015లో దాదాపు 4,000 ఘటనలు తప్పాయని వారి అంచనా. తమ తప్పు లేకపోయినా మరమ్మతు ఖర్చు సొంత జేబులోంచి పెట్టుకోవాల్సి వచ్చే డ్రైవర్లకు దీనివల్ల 35 లక్షల డాలర్ల మేర భారం తప్పింది.

పెద్దగా మారనిది ప్రమాదాల సంఖ్య, తగ్గినది పారిపోవడం. ఈ తేడాలోనే అసలు సంగతి ఉంది. పత్రాలు లేనివారిలో చాలామంది చట్టానికి ముందు నుంచే బండి నడుపుతున్నారు. తోటపనికి, పొలానికి, హోటల్ వంటగదికి వెళ్లడానికి కాలిఫోర్నియాలో వేరే మార్గం తక్కువ. లైసెన్సు ఇచ్చినంత మాత్రాన రోడ్డుపై కొత్త జనం చేరలేదు, ఉన్నవాళ్ల పరిస్థితి మారింది. లైసెన్సు లేకుండా దొరికితే బండిని జప్తు చేసే ప్రమాదం ఉంది. పోలీసుతో మాట పెరిగితే దేశం నుంచి పంపేస్తారన్న భయం దానికి తోడు. అలాంటివాడు చిన్న గుద్దుకు కూడా పారిపోవడం ఆశ్చర్యం కాదు. లైసెన్సు ఉన్నవాడు ఆగి, వివరాలు మార్చుకుని, బీమా సంస్థకు చెప్పుకోగలడు. గాయపడిన మనిషి దగ్గర అవతలి డ్రైవరు నిలబడి అంబులెన్సును పిలిస్తే ఆ ఫలితం విలువ డాలర్లలో లెక్కకు అందదు.

ఇతర ఆధారాలు, వాటి పరిమితులు

కాలిఫోర్నియా మోటారు వాహనాల శాఖ 2012లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ప్రాణాంతక ప్రమాదానికి కారణమయ్యే అవకాశం లైసెన్సు లేని డ్రైవర్లలో లైసెన్సు ఉన్నవారి కంటే దాదాపు మూడు రెట్లు. ఈ అంకెను ఏబీ 60 చర్చల్లో తరచూ వాడారు. జాగ్రత్తగా వాడాల్సిన అంకె ఇది. లైసెన్సు లేనివారిలో పత్రాలు లేని వలసదారులే కాదు, అసలు పరీక్షకే వెళ్లని స్థానికులూ ఉంటారు. పైగా లైసెన్సు లేకపోవడం వల్ల ప్రమాదం పెరిగిందా, నిర్లక్ష్యం ఉన్నవాళ్లే లైసెన్సు తీసుకోలేదా అన్నది ఈ పోలిక తేల్చదు.

బీమా ఖర్చు మీద మౌరిసియో కాసెరెస్, కెన్నెత్ జేమ్సన్ చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. పత్రాలు లేనివారికి లైసెన్సు నిరాకరించే రాష్ట్రాల్లో సగటు వార్షిక బీమా ఖర్చు సుమారు 17 డాలర్లు పెరిగిందని వారు కనుగొన్నారు. మొత్తం చిన్నదే. దాన్ని కట్టేది మాత్రం చట్టబద్ధంగా బీమా చేయించుకున్న ప్రతి ఇల్లూ.

ఈ అధ్యయనాలన్నిటికీ ఒక సమస్య ఉంది. ఎవరి దగ్గర పత్రాలు లేవో జనాభా సర్వేలు అడగవు, అడిగినా ఎవరూ చెప్పరు. అందుకే పరిశోధకులు పౌరసత్వం, చదువు, పుట్టిన దేశం వంటి వివరాలతో ఊహించి లెక్కలు కడతారు. పోలీసు నివేదికల్లో నమోదు కాని ప్రమాదాలు ఏ లెక్కలోకీ రావు. కాలిఫోర్నియా పత్రం చూసింది చట్టం అమలైన మొదటి ఏడాదినే. ప్రజా రవాణా బాగా ఉన్న న్యూయార్క్‌కో, జనం పలుచగా ఉన్న యూటాకో ఆ ఫలితం అంతే బలంగా వర్తిస్తుందని అనుకోవడానికి లేదు.

తెలుగువారి మీద ప్రభావం

ఈ నిబంధన తగిలేది పత్రాలు లేనివారికే అనుకోవడం పొరపాటు. హెచ్-1బీ ఉద్యోగులు, హెచ్-4 వీసాపై ఉన్న వారి జీవిత భాగస్వాములు, ఎఫ్-1 విద్యార్థుల్లో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. రియల్ ఐడీ కింద వారికిచ్చే లైసెన్సు గడువు, నివాస అనుమతి గడువును దాటకూడదు. నివాసానికి నిర్ణీత ముగింపు తేదీ లేకపోతే ఒక్క ఏడాదికే ఇస్తారు. వీసా పొడిగింపుకు సకాలంలో దరఖాస్తు చేసిన హెచ్-1బీ ఉద్యోగి పాత గడువు ముగిశాక 240 రోజుల వరకు పనిచేయవచ్చు. ఉద్యోగానికి అడ్డు లేకపోయినా, ఆఫీసుకు కారులో వెళ్లడానికి లైసెన్సు ఉండకపోయే పరిస్థితి వస్తుంది. రాష్ట్ర కార్యాలయం హోదాను సేవ్ అనే కేంద్ర సమాచార వ్యవస్థలో సరిచూస్తుంది. మొదటి తనిఖీలో వివరాలు సరిపోలకపోతే మరోసారి పరిశీలనకు పంపుతారు, ఎదురుచూపు తప్పదు.

డాలస్ శివార్లలోని ఇర్వింగ్, ఫ్రిస్కో లాంటి చోట్ల పిల్లల్ని బడికి దింపాలన్నా, పాలు తెచ్చుకోవాలన్నా కారే ఆధారం. భర్త లైసెన్సు గడువు ముగిసి, భార్య లైసెన్సు కూడా అదే తేదీతో ముడిపడి ఉంటే ఇల్లంతా ఒక్కసారి ఆగిపోతుంది. చట్టాన్ని అక్షరాలా పాటిస్తున్న ఈ కుటుంబాలకు జరిగే నష్టం మీద పరిశోధకులు పెట్టిన దృష్టి చాలదు.

ఇటీవలి పరిణామాలు

2023 నాటికి 19 రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ డీసీ హోదాతో పని లేకుండా లైసెన్సులిచ్చే చట్టాలు చేశాయి. దారి నేరుగా సాగలేదు. ఆరెగాన్‌లో 2014లో ఓటర్లు మూడింట రెండు వంతుల మెజారిటీతో తిరస్కరించిన ప్రతిపాదనను 2019లో శాసనసభ మళ్లీ ఆమోదించింది. మసాచుసెట్స్‌లో గవర్నర్ వీటోను శాసనసభ తోసిపుచ్చగా, 2022లో ఓటర్లు చట్టాన్ని నిలబెట్టారు. ఫ్లోరిడా 2023లో, పత్రాలు లేనివారికి ఇతర రాష్ట్రాలు ఇచ్చిన ప్రత్యేక లైసెన్సులు తమ రోడ్ల మీద చెల్లవని చట్టం చేసింది.

న్యూయార్క్‌లో 2007లో గవర్నర్ ఎలియట్ స్పిట్జర్ ప్రకటించిన ప్రణాళిక వ్యతిరేకతకు తట్టుకోలేక రెండు నెలల్లోనే వెనక్కి పోయింది. 2019లో గ్రీన్ లైట్ చట్టం వచ్చింది. లైసెన్సు రికార్డులు కోర్టు ఉత్తర్వు లేకుండా వలస అధికారులకు ఇవ్వరాదని అందులో రాశారు. దానికి ప్రతిగా 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంలాండ్ సెక్యూరిటీ శాఖ న్యూయార్క్ వాసులను గ్లోబల్ ఎంట్రీ లాంటి ప్రయాణ సదుపాయాల నుంచి తప్పించి, కొన్ని నెలల తర్వాత వెనక్కి తగ్గింది. యూటా, వెర్మాంట్, వాషింగ్టన్ రాష్ట్రాల లైసెన్సు ఫొటోల్లో వలస అధికారులు ముఖాలను వెతికించారని 2019లో జార్జ్‌టౌన్ న్యాయ కళాశాల పరిశోధకులు బయటపెట్టారు. లైసెన్సు కోసం ఇచ్చిన చిరునామానే ఇంటి మీదికి అధికారుల్ని తెస్తుందన్న భయం ఉన్నచోట, అర్హత ఉన్నా దరఖాస్తు చేయనివారు ఉంటారు. అందువల్ల ఏ రాష్ట్రం ఫలితాలను అంచనా వేయాలన్నా అక్కడి రికార్డుల రక్షణ ఎంత గట్టిదో ముందు చూడాలి.