రెండు సిలిండర్లకు ఒకే దారి: మినీ కూపర్ ఇంజన్ ట్యూనింగు చరిత్ర

బ్రిటన్‌లో 1951లో ఆస్టిన్ ఏ30 కారుతో పాటు వెలువడిన 803 సీసీల ఏ-సిరీస్ ఇంజను పొదుపైన కుటుంబ వాహనం కోసం పుట్టినదే తప్ప పందేలను ఉద్దేశించి రూపొందినది కాదు. ఆలెక్ ఇసిగోనిస్ 1959లో తన మినీ కారులో దానిని 848 సీసీలకు పెంచి అడ్డంగా అమర్చినప్పుడు కూడా దాని శక్తి 34 హార్స్‌పవర్‌కు మించలేదు. అయితే మలుపుల్లో ఆ చిన్న కారు చూపిన పట్టును గుర్తించిన రేసుకార్ల నిర్మాత జాన్ కూపర్ మినీని తయారుచేసే బీఎంసీ సంస్థను ఒప్పించడంతో, 1961లో జంట ఎస్‌యూ కార్బ్యురేటర్లు, 997 సీసీల సామర్థ్యం, 55 హార్స్‌పవర్ గల మినీ కూపర్ మార్కెట్లోకి వచ్చింది.

ఈ ఇంజను శక్తిని పెంచదలచినవారికి అసలు చిక్కు సిలిండర్ హెడ్‌లో ఎదురయ్యేది. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం లోపలికి వెళ్లే ఇన్‌లెట్ పోర్టులు నాలుగు సిలిండర్లకూ కలిపి రెండే ఉండగా, పొగ వెలుపలికి పోయే దారులు మూడు మాత్రమే ఉండేవి. భారతదేశంలో అంబాసిడర్ కారు దీర్ఘకాలం మోసిన 1489 సీసీల బీఎంసీ బి-సిరీస్ ఇంజను హెడ్‌లోనూ ఇదే అమరిక ఉన్నందున, దానిని విప్పి బిగించిన మెకానిక్కులకు ఈ పంపకం కొత్తది కాదు. సిలిండర్లు 1-3-4-2 వరుసలో మండుతాయి కనుక, ఒకే పోర్టును పంచుకొనే జంటలో ఒకటి పీల్చుకోవడం పూర్తి కాకముందే రెండవది మొదలుపెట్టి, మొదటి దానికి చెందవలసిన మిశ్రమాన్ని కొంత లాగేసుకుంటుంది. వాల్వులను ఎక్కువసేపు తెరచి ఉంచే రేసింగ్ క్యామ్‌షాఫ్ట్ బిగిస్తే ఈ లోపం మరింత పెరుగుతుంది. అందుచేత ఒక్క భాగాన్ని మార్చి ఊరుకోవడం ఈ ఇంజను విషయంలో ఎన్నడూ చెల్లలేదు.

విల్ట్‌షైర్‌లోని డౌంటన్ గ్రామంలో డానియల్ రిచ్‌మండ్, ఆయన భార్య బంటీ నడిపిన డౌంటన్ ఇంజనీరింగ్ ఈ సత్యాన్ని గ్రహించి పేరు తెచ్చుకున్న వర్క్‌షాపు. హ్యారీ వెస్లేక్ తీర్చిన హృదయాకారపు దహనకోశాలను, అంటే మిశ్రమం మండే గదులను, చేతితో అరగదీసి నునుపు చేయడం ఈ విద్యలో ఒక భాగమైతే, నాలుగింటినీ సమానం చేయడం అంతకంటె కఠినమైన భాగం. హెడ్‌ను బోర్లించి, ప్రతి గదిపైనా రంధ్రమున్న పారదర్శక పలకను గ్రీజుతో అతికించి, బ్యూరెట్‌తో ద్రవం నింపి ఎంత పట్టిందో కొలిచేవారు. 997 సీసీల కూపర్‌లో ఒక్కో సిలిండరుకు సుమారు 249 సీసీలు, పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే చోటు సుమారు 31 సీసీలు; కాబట్టి సంపీడన నిష్పత్తి, అనగా మిశ్రమం ఎన్ని రెట్లు కుదించబడుతుందో తెలిపే సంఖ్య, 9 అవుతుంది. ఒక గదిలో ఒకటిన్నర సీసీ ఎక్కువైనా ఆ సంఖ్య 8.6కు జారి, ఆ సిలిండరు తక్కిన వాటితో సమానంగా పనిచేయదు. ర్యాలీ విజేతల కీర్తి ప్రపంచమంతా వ్యాపించింది గాని, ఆ బ్యూరెట్ పట్టిన చేతులకు దక్కవలసిన గౌరవం నేటికీ పూర్తిగా దక్కలేదు.

హెడ్ సిద్ధమైన తరువాత కార్బ్యురేటర్ల వంతు. ఎస్‌యూ కార్బ్యురేటర్‌లో పెట్రోలు పరిమాణాన్ని నిర్ణయించేది పిస్టన్‌తో పాటు పైకి లేచే సన్నని సూది. క్యామ్ మారితే సూది ఆకారమూ మారాలి. రెండు కార్బ్యురేటర్లూ సమానంగా పీలుస్తున్నవో లేదో తెలుసుకోవడానికి ఒక రబ్బరు గొట్టాన్ని చెవికి ఆనించి, రెండింటి బుసనూ పోల్చి వినేవారు.

బీఎంసీ కర్మాగారం కూడా శక్తిని పెంచే ఇదే బాట పట్టి, 1963లో 70 హార్స్‌పవర్ గల 1071 సీసీల కూపర్ ఎస్‌ను తెచ్చింది. దాని 70.6 మిల్లీమీటర్ల బోరుకు, అంటే సిలిండరు వ్యాసానికి, చోటు చాలక, సిలిండర్ల కేంద్రాలనే బ్లాకులో జరపవలసి వచ్చింది. ఆ కారుతోనే డ్రైవర్ ప్యాడీ హాప్‌కిర్క్ 1964లో మాంటే కార్లో ర్యాలీ గెలిచాడు. అదే సంవత్సరం బోరును మార్చకుండా పిస్టన్ ప్రయాణ దూరాన్ని మార్చి 970, 1275 సీసీల రకాలు చేశారు.

2000లో మినీ ఉత్పత్తి ఆగేవరకు ఆ పంచుకొనే పోర్టులు మారలేదు. 1996లో కంప్యూటర్ నియంత్రిత ఇంధన ఇంజెక్టర్లను పోర్టుకు ఒకటి చొప్పున అమర్చినప్పుడు సైతం, ఒకే దారిలో రెండు సిలిండర్ల వాటాలను వేర్వేరు క్షణాల్లో పంచవలసి వచ్చింది.