వీసా ఉంది, అయినా ఫైన్ ఎందుకు? యూరప్ బిజినెస్ ట్రిప్‌ల వెనక ఉన్న రిజిస్టర్ కథ

ఈరోజు కథ 1989లో, ఫ్రాన్స్‌లోని రీమ్స్ అనే ఊళ్లో మొదలవుతుంది. అక్కడ ఒక పాత బిల్డింగ్ కూలగొట్టాలి. కాంట్రాక్ట్ బెల్జియంలోని వాండర్ ఎల్స్ట్ అనే కంపెనీకి దొరికింది. ఒక నెల పని, ఎనిమిది మంది మనుషులు. వాళ్లలో నలుగురు బెల్జియం వాళ్లు, నలుగురు మొరాకో వాళ్లు. ఈ మొరాకో వాళ్లు బెల్జియంలో లీగల్‌గా ఉంటూ, అక్కడి వర్క్ పర్మిట్ మీద ఆ కంపెనీలోనే పనిచేస్తున్నవాళ్లు. బయల్దేరే ముందు బ్రస్సెల్స్‌లో ఫ్రెంచ్ కాన్సులేట్‌కి వెళ్లి నెలరోజుల వీసా కూడా వేయించుకున్నారు. అన్నీ పద్ధతిగానే జరిగాయి కదా? కానీ లేబర్ ఇన్‌స్పెక్టర్లు సైట్‌కి వచ్చి, వీసా సంగతి సరే, ఫ్రాన్స్‌లో పనిచేయడానికి పర్మిట్ ఏదీ అన్నారు. కంపెనీకి పెద్ద జరిమానా పడింది.

మీలో చాలామంది ఐటీలో ఉన్నారు, లేదా వెళ్లబోతున్నారు. మన ఆఫీసుల్లో తరచూ వినపడే మాట ఒకటుంది. "రెండు వారాలే కదా, బిజినెస్ వీసా మీద వెళ్లి వచ్చేయ్." ఆ మాట ఎక్కడ తిరగబడుతుందో తెలియాలంటే ఈ నలుగురు మొరాకో కూలీల కథ తెలియాలి. వీసా అనేది దేశంలోకి రావడానికి అనుమతి మాత్రమే. లోపలికి వచ్చాక మీరు చేసేది "పని" అవునా కాదా అని అడిగేది వేరే శాఖ. దానికి వేరే రిజిస్టర్ ఉంటుంది. ఆ రిజిస్టర్‌కి వందేళ్లకు పైగా చరిత్ర ఉంది. అందులో రక్తం కూడా ఉంది.

కొంచెం వెనక్కి, 1893కి వెళ్దాం. ఆ ఏడాది ఆగస్టు 8న ఫ్రాన్స్ ఒక చట్టం చేసింది. పని కోసం వచ్చే విదేశీయుడు ఊళ్లో దిగిన 8 రోజుల్లో మునిసిపల్ ఆఫీసుకి వెళ్లి పేరు నమోదు చేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్ లేనివాడిని తెలిసి పనిలో పెట్టుకుంటే యజమానికి కూడా శిక్ష. చట్టం పేరులోనే అసలు ఉద్దేశం ఉంది: "విదేశీయుల నివాసం, జాతీయ శ్రమ రక్షణ". ఎవరి రక్షణ? ఫ్రెంచ్ కూలీల రక్షణ. వచ్చినవాడి గురించి ఎవరూ ఆలోచించలేదు. చట్టం వచ్చి పది రోజులు కూడా కాకుండానే, ఆగస్టు 16, 17 తేదీల్లో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఎగ్ మోర్త్‌లో ఉప్పు మడుల దగ్గర ఇటలీ కూలీల మీద గుంపులు దాడి చేశాయి. అధికారిక లెక్కలోనే ఎనిమిది మంది చనిపోయారు. తక్కువ కూలికి వచ్చి మా పొట్ట కొడుతున్నారన్నదే ఆ గుంపుల కోపం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఎందుకంటే ఈ కోపం మాటలు మార్చుకుంటూ ఇప్పటిదాకా వస్తూనే ఉంది. బయటివాడు తక్కువకి చేస్తాడు, లోపలివాడికి పని పోతుంది. నిజానికి కూలి తగ్గించింది ఎవరు? మడుల యజమానులు. దెబ్బలు తిన్నది మాత్రం ఇటలీ వాళ్లు. రిజిస్టర్‌లో పేరు రాయించుకుంటే కూలి పెరగదు. 1893 చట్టం విదేశీ కూలీని లెక్కపెట్టింది, అతనికి ఎంత ఇస్తున్నారని మాత్రం అడగలేదు.

ఆ ప్రశ్న అడగడానికి దాదాపు వందేళ్లు పట్టింది. 1986లో పోర్చుగల్ యూరోపియన్ కమ్యూనిటీలో చేరింది. ఫ్రాన్స్ అప్పుడు అట్లాంటిక్ వైపు టీజీవీ హైస్పీడ్ రైలు లైను వేస్తోంది. రష్ పోర్చుగేసా అనే పోర్చుగల్ కంపెనీ ఆ పనిలో సబ్ కాంట్రాక్ట్ తీసుకుని, తన మనుషుల్ని తనే తీసుకొచ్చింది. పర్మిట్లు లేవని ఫ్రాన్స్ డబ్బు కట్టమంది. కేసు యూరోపియన్ కోర్టుకి వెళ్లింది. 1990 మార్చి 27న తీర్పు వచ్చింది. కంపెనీ తన సొంత మనుషుల్ని తెచ్చుకోవచ్చు, పర్మిట్ అడగకూడదు అంది కోర్టు. అయితే ఆ తీర్పులోనే ఇంకో మాట కూడా చెప్పింది. తన నేల మీద పనిచేసే ఎవరికైనా, ఎంత కొద్దికాలం పనిచేసినా, ఆ దేశం తన లేబర్ చట్టాలను, కనీస వేతనాన్ని వర్తింపజేయవచ్చు అని.

నన్నడిగితే మొత్తం కథలో మలుపు ఇదే. అప్పటిదాకా ప్రశ్న "నువ్వెవరు?". ఇక్కడి నుంచి "నీకెంత ఇస్తున్నారు?".

మన మొరాకో వాళ్ల కేసు తేలింది 1994 ఆగస్టులో. కంపెనీయే గెలిచింది. వీళ్లు బెల్జియంలో లీగల్‌గా పనిచేస్తున్నారు, పని కాగానే తిరిగి వెళ్లిపోతారు, ఫ్రాన్స్‌లో ఉద్యోగం వెతుక్కోవడానికి రాలేదు, కాబట్టి మళ్లీ పర్మిట్ అడగక్కర్లేదు అంది కోర్టు. ఈ తీర్పు ఇవాళ మనవాళ్లకి నేరుగా పనికొస్తోంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉద్యోగం చేస్తున్న తెలుగు ఇంజినీరుని, అక్కడి కంపెనీ కొన్నాళ్లు జర్మనీ క్లయింట్ దగ్గరికి పంపాలంటే ఒక ప్రత్యేక వీసా ఉంది. దాని పేరే వాండర్ ఎల్స్ట్ వీసా. బిల్డింగ్ కూలగొట్టే కంపెనీ పేరు సాఫ్ట్‌వేర్ వాళ్ల వీసాకి మిగిలిపోయింది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, హైదరాబాద్ కంపెనీ నేరుగా హైదరాబాద్ నుంచి పంపితే ఇది వర్తించదు.

1990ల్లో బెర్లిన్ అంతా క్రేన్లే. గోడ కూలాక ఊరు ఊరంతా కడుతున్నారు. పోర్చుగల్, బ్రిటన్ లాంటి చోట్ల నుంచి కూలీలు దిగారు. ఒకే సైట్‌లో ఒకే గోడ కట్టే ఇద్దరు మేస్త్రీలకి రెండు రకాల జీతాలు. 1996లో జర్మనీ సొంత చట్టం చేసుకుంది. అదే ఏడాది డిసెంబర్ 16న యూరోపియన్ యూనియన్ 96/71 డైరెక్టివ్ తెచ్చింది. వేరే దేశం నుంచి పంపిన ఉద్యోగికి, పని జరిగే చోటి కనీస వేతనం, పని గంటలు, సెలవులు, భద్రతా నియమాలు వర్తించాలి. కాగితం మీద బాగుంది. కానీ ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో ప్రభుత్వానికి తెలియకపోతే చెక్ చేసేదెలా?

2004లో పోలండ్, లాత్వియా లాంటి పది దేశాలు యూనియన్‌లో చేరాయి. భయం మళ్లీ లేచింది. ఫ్రాన్స్‌లో "పోలండ్ ప్లంబర్" అనే బూచి పుట్టింది. 2005 రెఫరెండంలో యూరప్ రాజ్యాంగం ఓడిపోవడంలో ఆ బూచికి కూడా వాటా ఉంది. పోలండ్ టూరిజం వాళ్లు గట్టోళ్లు! అందమైన ప్లంబర్ ఫొటోతో పోస్టర్ వేసి, నేను ఇక్కడే ఉంటాను, మీరే రండి అని ఫ్రెంచ్ వాళ్లనే పిలిచారు. కానీ స్వీడన్‌లో జరిగింది నవ్వులాట కాదు. స్టాక్‌హోమ్ దగ్గర వాక్స్‌హోమ్‌లో స్కూల్ పని లావల్ అనే లాత్వియా కంపెనీకి దక్కింది. మా వేతన ఒప్పందం మీద సంతకం పెట్టమని స్వీడన్ యూనియన్లు సైట్‌ని దిగ్బంధం చేశాయి. 2007 డిసెంబర్‌లో కోర్టు ఆ దిగ్బంధం తప్పంది. ఇప్పటికీ యూరప్ యూనియన్ల వాళ్లు ఆ పేరెత్తితే మండిపడతారు.

అప్పుడు దేశాలు ఎంచుకున్న దారి పాతదే. మళ్లీ రిజిస్టర్. స్విట్జర్లాండ్ యూనియన్‌లో లేదు, అయినా 2004 జూన్ నుంచి యూరప్ కంపెనీలకి నియమం పెట్టింది: పని మొదలయ్యే 8 రోజుల ముందే ఆన్‌లైన్‌లో చెప్పాలి. బెల్జియం 2007 ఏప్రిల్ 1న లిమోసా డిక్లరేషన్ తెచ్చింది. స్వీడన్ 2013లో మొదలుపెట్టింది. 2014లో కొత్త డైరెక్టివ్ వచ్చి, దేశాలు ఇలాంటి డిక్లరేషన్ అడగొచ్చు, జీతం స్లిప్పులు, టైమ్‌షీట్లు రెడీగా ఉంచమనొచ్చు, మాట్లాడటానికి ఒక మనిషిని పెట్టమనొచ్చు అని స్పష్టం చేసింది. నెదర్లాండ్స్ 2020 మార్చి 1న చేరింది. ఒక్కో దేశానికి ఒక్కో పోర్టల్, ఒక్కో ఫారం, ఒక్కో రకం మినహాయింపు.

సూటు బూటు వాళ్లు ఈ వలలో పడింది ఇక్కడే. నియమం పుట్టింది ఇటుకలు మోసేవాడి కోసం. కానీ చట్టంలో "ఇటుక" అని రాయలేదు, "సేవ" అని రాశారు. లాప్‌టాప్ తెరిచి క్లయింట్ సర్వర్‌లో కోడ్ పెట్టడం కూడా సేవే. మరి మీటింగ్? యూరోపియన్ కమిషన్ గైడ్ ప్రకారం కాన్ఫరెన్స్, మీటింగ్, ఎగ్జిబిషన్, ట్రైనింగ్ కోసం వెళ్లి, అక్కడ ఎవరికీ సేవ చేయకపోతే అది పోస్టింగ్ కాదు. బెల్జియం అయితే లెక్క కట్టి చెబుతుంది: పరిమిత బృందం మీటింగ్‌లకి ఏడాదికి 60 రోజుల దాకా, ఒక్కో మీటింగ్‌కి వరుసగా 20 రోజులు దాటకుండా, డిక్లరేషన్ అక్కర్లేదు.

ఇప్పుడు మీరే చెప్పండి. సోమవారం రిక్వైర్‌మెంట్స్ మీద డిస్కషన్, అది మీటింగ్. మంగళవారం ప్రొడక్షన్ డౌన్ అయింది, మేనేజర్ "కాస్త చూడు" అన్నాడు, మీరు లాగిన్ అయ్యి సరిచేశారు. అది పని. మీ కుర్చీ మారలేదు, హోటల్ మారలేదు, చట్టం దృష్టిలో మీరు మాత్రం మారిపోయారు. టికెట్ బుక్ చేసిన ట్రావెల్ డెస్క్‌కి ఈ సంగతి తెలియదు. అందుకే పెద్ద కంపెనీలు ఇప్పుడు టికెట్‌కి ముందే ఎక్కడికి, ఎన్ని రోజులు, ఏం చేయడానికి అని ప్రశ్నల ఫారం పెడుతున్నాయి. విసుగ్గా ఉంటుంది, ఒప్పుకుంటాను. సరదాకి పెట్టింది మాత్రం కాదు.

కంపెనీల వైపు బాధలు కూడా అబద్ధం కాదు. ఆస్ట్రియాలో ఒక ఫ్యాక్టరీ పనికి వచ్చిన రెండొందల మందికి పైగా కార్మికుల కాగితాలు సరిగా లేవని, తలకింత చొప్పున కలుపుతూ పోయి, బాధ్యుల మీద లక్షల యూరోల జరిమానాలు వేశారు. 2019లో యూరోపియన్ కోర్టు ఇది మరీ ఎక్కువ, కుదరదంది. కాగితం తప్పుకీ జీతం ఎగ్గొట్టడానికీ తేడా ఉండాలి కదా.

అమెరికా సంగతి ఒక్క ముక్కలో చెప్పి వెళ్తాను, ఎందుకంటే అక్కడ రూటు వేరు, సందేహం మాత్రం ఇదే. 2013 అక్టోబర్‌లో బిజినెస్ విజిటర్ వీసాల వాడకం మీద ఇన్ఫోసిస్ 34 మిలియన్ డాలర్లతో సెటిల్ చేసుకుంది. వీసా దుర్వినియోగం ఆరోపణను కంపెనీ ఒప్పుకోలేదు. ఆ తర్వాత మన ఐటీ కంపెనీలన్నీ "మీటింగా, పనా" అనే ప్రశ్నని సీరియస్‌గా తీసుకున్నాయి.

ఇంతవరకూ విని, ఇదంతా కంపెనీ హెచ్‌ఆర్ తలనొప్పి, నాకేంటి అనుకోవద్దు. మీ జేబుకి సంబంధించింది ఇప్పుడే వస్తోంది. 2018లో పాత డైరెక్టివ్‌ని సవరించారు. 2020 జూలై 30 నుంచి అమలు. "కనీస వేతనం" అన్న చోట ఇప్పుడు అక్కడి చట్టం, వర్తించే ఒప్పందాల ప్రకారం రావాల్సిన పూర్తి వేతనం. ఇంకా ముఖ్యమైనది, తిండికి, బసకి, ప్రయాణానికి ఇచ్చే డబ్బు జీతంలో కలిపి చూపకూడదు. ఇచ్చే అలవెన్స్‌లో ఎంత జీతం, ఎంత ఖర్చు అని స్పష్టంగా రాయకపోతే, మొత్తం ఖర్చు కిందే లెక్క. ఇక్కడి జీతం అలాగే ఉంచి, పర్ డియమ్ కలిపి "చూడండి, యూరప్ స్థాయిలో ఇస్తున్నాం" అనే పాత లెక్క అక్కడ చెల్లదన్నమాట. ఇండియా నుంచి నేరుగా పంపినా సరే, యూనియన్ బయటి కంపెనీలకి లోపలి కంపెనీల కంటే మెరుగైన వెసులుబాటు ఇవ్వకూడదని 1996 డైరెక్టివ్‌లోనే ఉంది. పైగా వర్క్ పర్మిట్ గొడవ అదనం.

ఇంకో కాగితం ఉంది, దీన్ని చాలామంది పైదానితో కలిపేస్తారు. పీఎఫ్ లాంటి సోషల్ సెక్యూరిటీ ఎక్కడ కడుతున్నారో చూపించేది. యూరప్ లోపల తిరిగేవాళ్లకి దాని పేరు ఏ1 సర్టిఫికెట్. ఒక్కరోజు మీటింగ్‌కి వెళ్లినా అది ఉండాలి, ఇక్కడ "మీటింగే కదా" అనే మినహాయింపు లేదు. హైదరాబాద్ నుంచో వైజాగ్ నుంచో జర్మనీ, బెల్జియం, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ లాంటి ఒప్పందం ఉన్న దేశాలకి కంపెనీ పంపితే, మన ఈపీఎఫ్‌ఓ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ కవరేజ్ ఆ పని చేస్తుంది. అది లేకపోతే రెండు చోట్లా కోత పడే ప్రమాదం ఉంది.

1893లో రిజిస్టర్ మునిసిపల్ గుమాస్తా బల్ల మీద ఉండేది. 2025 అక్టోబర్ 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో కొత్త ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్ మొదలైంది. వేలిముద్రలు, ఫొటో, ఎన్ని రోజులున్నారో మెషీనే లెక్కపెడుతుంది. స్టాంపు సరిగా కనపడలేదు సార్ అనే మాట ఇక పనిచేయదు. అటు డిక్లరేషన్ల గందరగోళం తగ్గించడానికి, దేశాలన్నీ కావాలంటే వాడుకునేలా ఒకే ఉమ్మడి ఆన్‌లైన్ ఫారం పెడదామని యూరోపియన్ కమిషన్ 2024 నవంబర్‌లో ప్రతిపాదించింది. వ్యాపార సంఘాలకి అది కావాలి. యూనియన్లకి మాత్రం, ఫారం చిన్నదైతే చెకింగ్ కూడా చిన్నదవుతుందని అనుమానం. నేను యూనియన్ల అనుమానం వైపే కాస్త మొగ్గుతాను. ఫారంలో ఏ గడి తీసేస్తున్నారో చూడకుండా "సింపుల్" అన్న మాటకి చప్పట్లు కొట్టలేను.

ఆన్‌సైట్ మెయిల్ వచ్చిందంటే హెచ్‌ఆర్‌కి మూడు లైన్లు రాయండి. అక్కడ నేను చేసేది మీటింగా, పనా? నా పేరు మీద డిక్లరేషన్ వేశారా, దాని కాపీ ఇస్తారా? నా అలవెన్స్‌లో జీతం ఎంత, ఖర్చు ఎంత? జవాబు ఫోన్‌లో వద్దు, మెయిల్‌లోనే తీసుకోండి. వేతనం గురించి కంప్లయింట్ చేసిన ఉద్యోగిని వేధించకూడదని 2014 డైరెక్టివ్‌లో ఉంది. ఇంటికి తిరిగొచ్చేశాక కూడా పని జరిగిన దేశంలో కేసు వేసే హక్కు 1996 నుంచీ ఉంది.